ఫ్రాంచైజీ రెన్యువల్‌లో షరతులు మారాయా? సంతకానికి ముందు చేయాల్సిన తనిఖీ

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ నడిపేవారు, కూకట్‌పల్లిలో టిఫిన్ బ్రాండు తీసుకున్నవారు, మియాపూర్ అపార్టుమెంట్ల మధ్య ప్రీస్కూలు పెట్టుకున్నవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటే. అగ్రిమెంటు గడువు దగ్గరపడింది, కంపెనీ కొత్త కాగితాలు పంపింది, ఏరియా మేనేజర్ ఫోన్ చేసి “అంతా పాతదేనండీ, ఫార్మాట్ ఒక్కటే మారింది” అన్నారు. మరి సంతకం పెట్టవచ్చా? పెట్టవచ్చు, కాకపోతే కింద చెప్పిన పని పూర్తి చేశాకే పెట్టండి.

ముందుగా తెలియవలసిన చట్టం కొంచెమే. మన దేశంలో ఫ్రాంచైజీలకంటూ ప్రత్యేక చట్టం లేదు. ప్రధానంగా 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టమే వర్తిస్తుంది. ఏయే షరతులు మార్చామో కంపెనీ విడిగా జాబితా రాసి ఇవ్వాలన్న నిబంధన కూడా ఎక్కడా లేదు. ఆ చట్టంలోని 62వ సెక్షన్ ప్రకారం, పాత ఒప్పందం స్థానంలో కొత్తది పెట్టుకోవడానికి ఇరుపక్షాలూ అంగీకరిస్తే, పాతదాన్ని అమలు చేయవలసిన అవసరం ఉండదు. కాబట్టి రెన్యువల్ అని పిలిచినా, మీ ముందున్నది చాలాసార్లు పూర్తిగా కొత్త ఒప్పందమే. పాతదానిలో మీకు అనుకూలంగా ఉన్నదేదైనా కొత్తదానిలో మళ్లీ రాయకపోతే, అది పోయినట్టే లెక్కించుకోండి.

దగ్గర పెట్టుకోవలసినవి

- పాత అగ్రిమెంటు, దాని అనుబంధాలు, మధ్యలో సంతకం చేసిన సవరణ పత్రాలు అన్నీ.
- కొత్త ముసాయిదా వర్డ్ ఫైలు. పీడీఎఫ్ మాత్రమే పంపితే వర్డ్ ఫైలు అడగండి.
- కొత్త ముసాయిదా ప్రస్తావించే ఆపరేషన్స్ మాన్యువల్ తాజా ప్రతి.
- గత 12 నెలల అమ్మకాల నివేదిక, డెలివరీ యాప్‌ల స్టేట్‌మెంట్లు, రాయల్టీ ఇన్వాయిస్‌లు, జీఎస్‌టీ రిటర్నులు.
- మల్గీ (దుకాణం గది) కిరాయినామా.
- డిపాజిట్ రసీదు, కంపెనీకి ఇచ్చిన చెక్కుల నంబర్లు, గ్యారంటీ పత్రాల నకళ్లు.
- ఏరియా మేనేజర్‌తో నడిచిన ఈమెయిళ్లు, వాట్సాప్ సందేశాలు.

1. తేదీలు తేల్చుకోండి

పాత అగ్రిమెంటు ఎప్పుడు ముగుస్తుందో, రెన్యువల్ కోరుతూ మీరు ఎన్ని రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలో రెండూ చూడండి. నోటీసు తేదీ దాటిపోతే రెన్యువల్ కోరే హక్కే పోయిందని కంపెనీ అనవచ్చు. పాత అగ్రిమెంటులో నోటీసు ఏ చిరునామాకు, ఏ పద్ధతిలో పంపాలని ఉందో అలాగే పంపండి. ఈమెయిల్ చెల్లుతుందని రాసి లేకపోతే రిజిస్టర్డ్ పోస్టు కూడా చేయండి.

హెచ్చరిక: గడువు ముగిశాక, కొత్తదానిపై సంతకం కాకుండానే దుకాణం తెరిచి ఉంచడం ప్రమాదకరం. బ్రాండు పేరు వాడుకోవడానికి మీకున్న అనుమతి ఒప్పందంతోనే ముగుస్తుంది కనుక, ఆ తరువాత బోర్డు ఉంచితే 1999 ట్రేడ్ మార్కుల చట్టం కింద ఉల్లంఘన అని కంపెనీ వాదించవచ్చు.

ప్రత్యామ్నాయం: చర్చలు సాగుతుంటే, పాత షరతులపైనే 60 లేదా 90 రోజుల తాత్కాలిక పొడిగింపు ఇస్తున్నట్టు ఒక పేజీ ఉత్తరం కంపెనీ నుంచి తీసుకోండి. చాలా కంపెనీలు అడిగితే ఇస్తాయి, కానీ అడిగేవారే తక్కువ.

2. మీకున్న రెన్యువల్ హక్కు ఎలాంటిదో చదవండి

పాత అగ్రిమెంటులో “అవే షరతులపై మరో 5 ఏళ్లు” అని ఉంటే మీ చేతిలో బలం ఉంది. “ఆ సమయానికి కంపెనీ వాడుతున్న నమూనా ఒప్పందం ప్రకారం” అని ఉంటే షరతులు మార్చే వీలును మీరు ముందే ఇచ్చేశారు. “కంపెనీ విచక్షణ మేరకు” అని ఉంటే అది ఆశ తప్ప హక్కు కాదు. మొదటి రకం వాక్యం ఉన్నవారు కూడా కోర్టుకు వెళ్తే రెన్యువల్ చేయించుకోవచ్చులే అనుకోవద్దు. ఏ పక్షమైనా రద్దు చేసుకోగల స్వభావమున్న ఒప్పందాన్ని బలవంతంగా అమలు చేయించడానికి 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలోని 14వ సెక్షన్ అడ్డువస్తుంది, అప్పుడు చేతికి మిగిలేది నష్టపరిహారం దావా మాత్రమే. అందువల్ల ఆ వాక్యాన్ని బేరానికి వాడుకోవడమే లాభసాటి.

3. రెండు ఒప్పందాలనూ పక్కపక్కన పెట్టండి

వర్డ్‌లో కంపేర్ సౌకర్యంతో పాత, కొత్త ఫైళ్లను పోల్చండి. పాతది కాగితం మీదే ఉంటే స్కాన్ చేసి అక్షరాలుగా మార్చుకోండి, లేదా ఇద్దరు కూర్చుని ఒకరు పాతది చదువుతుండగా మరొకరు కొత్తదానిలో వేలు పెట్టి చూడండి. తరువాత నాలుగు గడుల పట్టిక వేయండి: విషయం, పాత మాట, కొత్త మాట, ఏడాదికి రూపాయల్లో తేడా. ఆ నాలుగో గడి ఖాళీగా వదిలితే పట్టిక వేసి ప్రయోజనం లేదు. రూపాయల్లోకి మారని షరతైతే, దానివల్ల జరగగల అతి పెద్ద నష్టమేమిటో ఒక వాక్యంలో రాయండి.

కొత్తగా చేరిన మాటల కన్నా తొలగించిన మాటలు పట్టుకోవడం కష్టం. “సమంజసమైన”, “ఇరుపక్షాల అంగీకారంతో”, “30 రోజుల్లో సరిదిద్దుకునే అవకాశం ఇచ్చాక” వంటి పదబంధాలు పాతదానిలో ఉండి కొత్తదానిలో కనబడకపోతే ఎర్ర గీత పెట్టుకోండి.

4. శాతం కాదు, దేనిమీద శాతమో చూడండి

ఎక్కువ మంది నష్టపోయేది ఇక్కడే. రాయల్టీ 5 శాతం అని పాతదానిలో ఉంది, కొత్తదానిలోనూ 5 శాతమే ఉంది, అందుకని ఆ పేజీ తిప్పేస్తారు. అసలు మార్పు ఒప్పందం మొదట్లో ఉండే నిర్వచనాల పేజీలో దాగి ఉంటుంది.

ఒక టిఫిన్ ఫ్రాంచైజీని ఊహించుకుని లెక్క వేద్దాం. జీఎస్‌టీ కలపకుండా నెల బిల్లులు 10,00,000 రూపాయలు. అందులో 4,00,000 డెలివరీ యాప్‌ల ద్వారా వచ్చింది. యాప్ కమీషన్ 25 శాతం అనుకుంటే 1,00,000. మీరు భరించిన డిస్కౌంట్లు 50,000. పాత ఒప్పందం కమీషన్, డిస్కౌంట్లు తీసివేసిన నికర అమ్మకంపై రాయల్టీ అంటే, ఆధారం 8,50,000, రాయల్టీ 42,500. కొత్త ఒప్పందం బిల్లు మొత్తం మీద అంటే రాయల్టీ 50,000. నెలకు తేడా 7,500, ఐదేళ్లకు 4,50,000. దానిపై 18 శాతం జీఎస్‌టీ కలిపితే 5,31,000. అదే ఆధారంపై 2 శాతం మార్కెటింగ్ ఫండ్ కూడా కడుతుంటే మరో 2,12,400. శాతం ఎక్కడా మారలేదు, మీ జేబు మాత్రం ఏడు లక్షలకు పైగా తేలికపడింది.

జీఎస్‌టీని ఎందుకు కలిపామంటే, 5 శాతం రేటుతో నడిచే హోటళ్లకు ఇన్‌పుట్ క్రెడిట్ లేదు. రాయల్టీపై కట్టిన 18 శాతం తిరిగి రాదు. పన్ను మినహాయింపు ఉన్న ప్రీస్కూళ్లకూ, కాంపోజిషన్ పథకంలో ఉన్న చిన్న దుకాణాలకూ ఇదే పరిస్థితి. తమ ఫీజులపై 18 శాతం వసూలు చేసే కోచింగ్ సెంటర్లకైతే క్రెడిట్ దొరుకుతుంది కనుక వారికి అది చేతి నగదు సమస్యే తప్ప ఖర్చు కాదు. మీరు ఏ కోవలోకి వస్తారో మీ అకౌంటెంట్‌ను అడిగి, పట్టికలోని నాలుగో గడిని ఆ మేరకు సరిచేయండి.

ఇదే పేజీలో మరో మూడు చూడండి. నెలవారీ కనీస రాయల్టీ కొత్తగా వచ్చిందా? వస్తే, మీ దుకాణం అత్యంత మందకొడిగా నడిచిన నెల లెక్కతో పోల్చండి. రాయల్టీని “ఏ మినహాయింపూ లేకుండా” చెల్లించాలని ఉందా? ఉంటే, మీరు టీడీఎస్ (చెల్లింపులోంచే ముందుగా కోసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను) కోయవలసిన వారైనప్పుడు ఆ 10 శాతం భారం మీపైనే పడుతుంది. కంపెనీకి నికరంగా 50,000 అందాలంటే మీరు 55,556 లెక్క చూపాలి. మార్కెటింగ్ ఫండ్ ఖర్చు వివరాలు ఏటా చూపాలన్న మాట ఉందా, తీసేశారా?

5. మీ ప్రాంతం ఎంత మిగిలింది?

పాత ఒప్పందంలో “500072 పిన్ కోడ్ పరిధి” అని ఉన్నది కొత్తదానిలో “మల్గీ చిరునామా” అని మారితే, కూకట్‌పల్లిలోనే మరో ఫ్రాంచైజీ ఇచ్చే స్వేచ్ఛ కంపెనీకి వచ్చినట్టే. కిలోమీటర్లలో ఉంటే అది మ్యాపు మీద గీసిన వృత్తమా, రోడ్డు దూరమా అన్నది రాయించండి. మెట్రో పిల్లర్లకు అటుపక్కన ఉన్న దుకాణం మ్యాపులో పక్కనే కనిపించినా, యూ టర్న్ తీసుకుని చేరాలంటే దూరం వేరుగా ఉంటుంది.

ఇప్పుడు అంతకన్నా పెద్ద ప్రశ్న ఆన్‌లైన్ ఆర్డర్లది. “కంపెనీ సొంత యాప్, వెబ్‌సైట్, క్లౌడ్ కిచెన్, సంస్థాగత విక్రయాలు ఈ ప్రాంత హక్కుకు లోబడవు” అన్న ఒక్క వాక్యం చేరిందంటే, మీ వీధిలోని కస్టమరుకు మీ బ్రాండు వస్తువునే కంపెనీ నేరుగా అమ్మవచ్చు. ఆ వాక్యం తీయడానికి ఒప్పుకోకపోతే, మీ పరిధిలో నుంచి వచ్చిన ఆర్డర్లను మీ దుకాణానికే పంపాలని, లేదా వాటిపై మీకు ఇంత శాతం ఇవ్వాలని అడగండి. డెలివరీ యాప్‌లలోని లిస్టింగు, గూగుల్ మ్యాప్స్‌లోని పేజీ, కస్టమర్ల ఫోన్ నంబర్ల జాబితా ఎవరి పేరిట ఉంటాయో కూడా ఇక్కడే తేల్చుకోండి.

6. కొత్త ఖర్చుల జాబితా రాయండి

రెన్యువల్ ఫీజు, కొత్త నమూనా ప్రకారం ఇంటీరియర్, కొత్త బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, సెంట్రల్ కిచెన్ నుంచే సరుకు కొనాలన్న షరతు, ఇవన్నీ విడివిడిగా అంచనా వేయండి. ఇంటీరియర్ విషయంలో ఒక లెక్క తప్పక చేయండి: 12 లక్షలు పెట్టమంటున్నారు, దుకాణం మీద నెలకు 40,000 మిగులుతోంది అంటే పెట్టుబడి తిరిగి రావడానికి 30 నెలలు. కొత్త గడువు మూడేళ్లే అయితే, 36 నెలల్లో మీరు సంపాదించేది ఆఖరి ఆరు నెలలే. పాత గడువు ఎంత, కొత్త గడువు ఎంత అన్నది ఈ లెక్కతో కలిపి చూడాలి.

“కాలానుగుణంగా సవరించే ఆపరేషన్స్ మాన్యువల్ ఈ ఒప్పందంలో భాగం” అన్న వాక్యం దాదాపు ప్రతి ముసాయిదాలోనూ ఉంటుంది. దాని అర్థం, సంతకం తరువాత కూడా కంపెనీ ఒంటి చేత్తో మీ ఖర్చులు పెంచగలదని. మాన్యువల్ మార్పువల్ల ఏడాదికి ఇంత మొత్తం దాటి ఖర్చు పడితే మీ రాతపూర్వక అంగీకారం కావాలని ఒక పరిమితి పెట్టమనండి. నా ఉద్దేశంలో రాయల్టీ అర శాతం తగ్గించుకోవడం కన్నా ఈ పరిమితి సాధించుకోవడమే మేలు.

7. మల్గీ గడువుతో సరిపోల్చండి

11 నెలల కిరాయినామాతో ఐదేళ్ల ఫ్రాంచైజీ మీద సంతకం పెడితే, యజమాని ఖాళీ చేయమన్న రోజున కంపెనీ దృష్టిలో తప్పు మీదవుతుంది. ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించాలి. నోటరీతో సరిపెడితే ఆ గడువు నిలవదు. ముసాయిదాలో లాక్-ఇన్ కాలం (మీరు మధ్యలో మానుకోలేని కాలం) కొత్తగా వచ్చిందేమో చూసి, లీజు కనీసం అంతవరకైనా ఉండేలా యజమానితో మాట్లాడండి. ఒప్పందం రద్దయితే లీజును కంపెనీకి బదిలీ చేయాలన్న షరతు చేరితే, మీరు కట్టిన అడ్వాన్సు, ఇంటీరియర్ విలువ ఎవరు ఇస్తారో రాయకుండా ఒప్పుకోవద్దు.

8. గ్యారంటీలు, చెక్కులు, పాత లెక్కలు

కొత్త ఒప్పందంతోపాటు భార్య చేతో తండ్రి చేతో మళ్లీ వ్యక్తిగత గ్యారంటీ సంతకం అడుగుతారు. కారణముంది: హామీదారు అంగీకారం లేకుండా షరతులు మార్చితే, ఆ మార్పు తరువాతి లావాదేవీలకు అతడి బాధ్యత ఉండదని కాంట్రాక్టు చట్టం 133వ సెక్షన్ చెబుతోంది. పాత గ్యారంటీ బలహీనపడుతుంది కనుకనే కొత్త సంతకం కావాలి. అది మీకు బేరమాడే చోటు. గ్యారంటీకి మొత్తంలోనూ కాలంలోనూ పరిమితి పెట్టించండి.

తేదీ వేయని ఖాళీ చెక్కులు ఇవ్వకండి. సెక్యూరిటీ కోసం ఇచ్చిందే కదా అన్న వాదన ప్రతిసారీ నిలవదు. చెక్కు చెల్లకపోతే 1881 నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా ఉండవచ్చు. పాత చెక్కులు వెనక్కి తీసుకున్నాకే కొత్తవి ఇవ్వండి, వాటిపై మొత్తం రాయండి.

“ఇంతకు ముందటి క్లెయిములన్నీ ఇంతటితో వదులుకుంటున్నాము” అన్న వాక్యం చివరి పేజీల్లో ఎక్కడో ఉంటుంది. కంపెనీ మీకివ్వవలసిన క్రెడిట్ నోట్లు, పాడైన సరుకు వాపసు, పాత డిపాజిట్ అన్నీ దానితో కొట్టుకుపోతాయి. మిగిలి ఉన్న మొత్తాలను అనుబంధంలో తేదీలతో రాయించి, వాటిని ఈ వాక్యం నుంచి మినహాయించమనండి.

9. బయటికి వచ్చే దారి

కంపెనీ ఏ కారణమూ చెప్పకుండా 30 రోజుల నోటీసుతో రద్దు చేయవచ్చని ఉండి, మీకు ఆ వీలు లేకపోతే, కనీసం ఇంటీరియర్ ఖర్చులో మిగిలిన కాలానికి దామాషా వాపసు అడగండి. ముందే మానేస్తే మిగతా కాలపు రాయల్టీ మొత్తం కట్టాలని ఉంటే, కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఆ మొత్తానికి మించకుండా సమంజసమైన పరిహారమే ఇప్పిస్తారని గుర్తుంచుకోండి.

ఒప్పందం నడుస్తున్నంత కాలం పోటీ వ్యాపారం చేయరాదన్న షరతు చెల్లుతుందని సుప్రీంకోర్టు 1995లో గుజరాత్ బాట్లింగ్, కోకా కోలా కేసులో చెప్పింది. గడువు ముగిశాక కూడా కట్టడి చేసే షరతు అదే చట్టం 27వ సెక్షన్ కింద సాధారణంగా చెల్లదు. 2006 నాటి పర్సెప్ట్ డిమార్క్, జహీర్ ఖాన్ కేసు తీర్పు దీనికి ఆధారం. ఎలాగూ చెల్లదు కదా అని మాత్రం సంతకం పెట్టవద్దు, ఎందుకంటే అది చెల్లదని తేలేలోగా మీ డిపాజిట్ కంపెనీ దగ్గరే ఉండిపోతుంది.

వివాదాల షరతులో మధ్యవర్తిత్వ కేంద్రస్థానం (ఆర్బిట్రేషన్ సీట్) హైదరాబాద్ నుంచి ముంబైకో గురుగ్రామ్‌కో మారిందేమో చూడండి. కేంద్రస్థానం ఏ నగరమైతే ఆ కోర్టులకే అధికారమని 2017లో ఇండస్ మొబైల్ కేసులో తేలింది. ఏకైక మధ్యవర్తిని కంపెనీయే నియమిస్తుందని ఉంటే, వివాదంతో ప్రయోజనం ముడిపడిన పక్షం ఏకైక మధ్యవర్తిని తానే నియమించరాదన్న 2019 నాటి పెర్కిన్స్ ఈస్ట్‌మన్ తీర్పు చూపించి తీయించండి. కేంద్రస్థానం హైదరాబాద్‌లోనే ఉంచమని గట్టిగా అడగండి. ఇరవై లక్షల వివాదానికి విమాన టిక్కెట్లు, అక్కడి లాయరు ఫీజులు కలిస్తే చాలామంది క్లెయిమునే వదిలేస్తారు.

10. బేరం ఆడే తీరు

పట్టికలో నుంచి ఏడాది నష్టం ఎక్కువగా ఉన్న ఐదు అంశాలు ఎంచుకుని, ప్రతిదానికీ మీరు కోరే వాక్యాన్ని మీరే రాసి ఒకే ఈమెయిల్‌లో పంపండి. “ఈ షరతు మాకు కష్టం” అని రాస్తే జవాబు రాదు, “8.2 నిబంధనలో ఈ వాక్యం బదులు ఈ వాక్యం” అని రాస్తే లీగల్ విభాగం దాకా వెళ్తుంది. నమూనా ఒప్పందం మార్చలేమంటే, ఆ మార్పులనే అదనపు ఉత్తరంలో పెట్టి, ఒప్పందానికీ దానికీ తేడా వస్తే ఉత్తరమే చెల్లుతుందని రాయించండి. కాంట్రాక్టులు చూసే లాయరుకు ఈ పట్టికతో సహా చూపించండి; మొత్తం ముసాయిదా మీద అభిప్రాయం చెప్పమనడం కన్నా తొందరగానూ చౌకగానూ తేలుతుంది.

తరచుగా జరిగే పొరపాట్లు

ఏరియా మేనేజర్ వాట్సాప్‌లో ఇచ్చిన మాటను నమ్ముకోవడం అన్నిటికన్నా పెద్దది. “ఈ ఒప్పందమే సమగ్రం, ఇంతకు ముందటి మాటలేవీ చెల్లవు” అన్న నిబంధన ఉన్నాక ఆ సందేశానికి విలువ దాదాపు ఉండదు, ఆ మేనేజరు ఆరు నెలల్లో వేరే కంపెనీకి మారిపోయి ఉంటారు కూడా. అనుబంధాలు ఖాళీగా ఉండగా సంతకం చేయడం, పాత డిపాజిట్ కొత్త ఒప్పందంలోకి వచ్చినట్టు రాయించకపోవడం, జీహెచ్ఎంసీ ట్రేడ్ లైసెన్సు, ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు ఎవరి పేరున ఉన్నాయో చూడకపోవడం తరువాతి వరుసలో వస్తాయి.

పని సరిగా జరిగిందో లేదో చూసుకోవడం

తుది ప్రతి వచ్చాక దాన్ని మీరు చివరగా ఒప్పుకున్న ముసాయిదాతో మళ్లీ ఒకసారి కంపేర్ చేయండి. మధ్యలో మరేదైనా మారి ఉంటే అప్పుడే తెలుస్తుంది. తరువాత, గత నెల నిజమైన అమ్మకాలను తీసుకుని కొత్త నిర్వచనాల ప్రకారం రాయల్టీ ఇన్వాయిస్ మీరే తయారుచేసి, “ఈ లెక్క సరైనదేనా” అని కంపెనీ అకౌంట్స్ విభాగానికి ఈమెయిల్ చేయండి. వారి అంకె మీ అంకెతో కలవకపోతే, ఏదో ఒక నిర్వచనాన్ని ఇరుపక్షాలూ వేర్వేరుగా చదువుతున్నాయన్నమాట. అది తేలేవరకు సంతకం ఆపండి. కలిస్తే ఆ జవాబును ప్రింట్ తీసి ఒప్పందంతో జత చేయండి.

సంతకం రోజున అనుబంధాలతో సహా ప్రతి పేజీలో ఇరుపక్షాల పొట్టి సంతకాలు ఉండాలి. కంపెనీ తన సంతకం తరువాత చేసి పంపుతామంటే, మీ సంతకాల ప్రతిని ఇచ్చిన రోజే “15 రోజుల్లో ఇరువురి సంతకాలున్న ప్రతి అందాలి, అంతవరకు పాత షరతులే కొనసాగుతాయి” అని ఈమెయిల్ పెట్టి, రెన్యువల్ ఫీజు చెల్లింపును ఆ ప్రతి చేతికి వచ్చే తేదీకి ముడిపెట్టండి.